"అక్కా, మీరు ప్రార్థన చేయండి" అన్నప్పుడు

గృహ కూడికలో పాట అయిపోతుంది. కంజీర పక్కన పెడతారు. పాస్టరుగారు బైబిలు మూసి, చాప మీద కూర్చున్న అందరి మీదా ఒకసారి చూపు తిప్పుతారు. ఆ క్షణంలో ప్రతి ఒక్కరికీ చాప అల్లిక మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొస్తుంది. తిరిగి తిరిగి ఆ చూపు మీ దగ్గర ఆగుతుంది. "అక్కా, మీరు ప్రార్థన చేయండి."

ఈ మాట నాకు మొదటిసారి వినబడినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. "మహోన్నతుడవు, మహిమాస్వరూపుడవు, కృపాసత్యసంపూర్ణుడవు" అంటూ పెద్దలు వాడే మాటలన్నీ వరసగా పేర్చి, ఊపిరి అందకముందే ఆమేన్ అనేశాను. ఆ ఇంటి పెద్దాయనకు మర్నాడు కంటి ఆపరేషన్. మేం వెళ్లిందే అందుకు. ఆ ముక్క ఒక్కటే నా నోట రాలేదు. కూడిక అయ్యాక ఆయన భార్య టీ గ్లాసు చేతికిస్తూ "బాగా చేశావమ్మా, భాష బాగుంది" అంది. అంతకంటే గట్టి చీవాట్లు నేనెప్పుడూ తినలేదు.

గది తలుపు వేసుకుని చేసుకునే ప్రార్థన వేరు. అక్కడ ఏడవచ్చు, పోట్లాడవచ్చు, బైబిలులోని హన్నాలాగా పెదవులు మాత్రం కదుపుతూ ఉండిపోవచ్చు. చాప మీద అలా కుదరదు. తెరుచుకునేది మీ నోరొక్కటే అయినా మాట్లాడేది అందరూ. మీరు చెప్పినదాని కింద వాళ్లంతా "ఆమేన్" అని సంతకం పెట్టాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు అడుగుతాడు: నువ్వు చెప్పేది అర్థం కానివాడు ఆమేన్ ఎలా అంటాడు? ఆయన అక్కడ భాషల వరం గురించి, అంటే వినేవాళ్లకు తెలియని భాషలో ప్రార్థించడం గురించి మాట్లాడుతున్నాడు. నా ఉద్దేశంలో మన అర్థంకాని గ్రాంథికానికి కూడా ఆ ప్రశ్న బాగానే తగులుతుంది. నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ప్రార్థన లోపలి నుంచి రావాలి గాని నేర్చుకుంటే వచ్చేది కాదని కొందరంటారు. యేసు శిష్యులు అలా అనుకోలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులకు నేర్పాడు కదా, మాకూ నేర్పు అని లూకా 11లో అడిగి మరీ నేర్చుకున్నారు.

ముందు, ఏ ప్రార్థన అడిగారో చూసుకోండి

ప్రారంభ ప్రార్థనకు అరనిమిషం చాలు. మమ్మల్ని చేర్చినందుకు స్తోత్రం, వాక్యం చెప్పేవారికి సహాయం, వినే మాకు మనసు. అంతే. కానుక ప్రార్థన ఇంకా చిన్నది. దేశ సమస్యలన్నీ అక్కడ ఎత్తుకుంటే సంచి పట్టుకుని నిలబడ్డ కుర్రాడి చేతులు లాగుతాయి. భోజనం ముందు ప్రార్థన సంగతి సరేసరి, పిల్లలు ఒక కన్ను తెరిచి బిర్యానీ గిన్నె వైపే చూస్తుంటారు. విన్నపాలు ఎత్తిపట్టే విజ్ఞాపన ప్రార్థనకు రెండు మూడు నిమిషాలు తీసుకోవచ్చు. ముగింపు ప్రార్థన అడిగితే ఒక్క ప్రమాదం ఉంది: పాస్టరుగారు అరగంట చెప్పిన వాక్యాన్ని మనం కళ్లు మూసుకుని ఇంకోసారి చెప్పేస్తాం. అందులోంచి ఒక్క మాట పట్టుకుని, అది మాలో నిలిచేలా చేయమని అడిగితే సరిపోతుంది.

అడిగింది ఏదో తేలకపోతే అడిగేయండి. "అయ్యగారూ, విన్నపాలా, ముగింపా?" అంటే ఎవరూ తప్పు పట్టరు.

వినండి, వీలైతే రాసుకోండి

కూడికలో పాటలయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. ప్రార్థన చేయాల్సి వస్తుందేమో అన్న టెన్షన్‌లో సరిగ్గా అప్పుడే మన చెవులు మూసుకుపోతాయి. బైబిలులో పెట్టుకునే చిన్న కాగితం మీద మూడే ముక్కలు రాసుకోండి: ఎవరు, ఏం, ఎప్పుడు. "పెద్దాయన, కన్ను, రేపు." కాగితం చూసి ప్రార్థిస్తే ఆత్మ ఉండదని ఎవరైనా అంటే వాదన పెట్టుకోకండి, కాగితం మాత్రం వదలకండి. పెద్దాయన పేరు మర్చిపోయి "ఈ నీ సేవకుని" అని దాటవేయడం కంటే కాగితం చూడడం మేలు.

ఒక జాగ్రత్త. అందరి ముందూ చెప్పిన అవసరతనే అందరి ముందూ ప్రార్థనలో పెట్టండి. వంటగదిలో మీ ఒక్కరి చెవిలో చెప్పినది చాప మీదకు తేవద్దు. "ప్రభువా, ఈ ఇంటి అల్లుడి తాగుడు మాన్పించు" అని ఒకామె గట్టిగా ప్రార్థించడం నేను విన్నాను. అల్లుడు పక్క గదిలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో కూడిక పెట్టడానికి రెండేళ్లు పట్టింది. అనుమానంగా ఉంటే ముందే అడగండి: "వదినా, ఇది పైకి చెప్పి ప్రార్థించమంటారా?" వద్దంటే, "వాళ్ల మనసులో ఉన్నది నీకు తెలుసు" అంటే చాలు. ఆయనకు తెలుసు.

పిలుపు

దేవుణ్ణి ఒక పేరుతో పిలిచి మొదలుపెట్టండి. "పరలోకపు తండ్రీ", "ప్రభువైన యేసూ", "మా దేవా", ఏదైనా సరే. ఆ రోజు అవసరానికి సరిపడే పిలుపు దొరికితే ఇంకా మంచిది. ప్రయాణమయ్యే వాళ్ల కోసం "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అన్న 121వ కీర్తన దేవుణ్ణి పిలిచి చూడండి, మిగతా ప్రార్థన దానంతట అదే వస్తుంది.

నీవా, మీరా అని కొత్తవాళ్లు తడబడతారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అంటూ పెరుగుతాం. క్యాథలిక్ ఇళ్లలో అదే ప్రార్థనలో "మీ నామము పూజింపబడును గాక" అంటారు. ఒకటి చనువు, ఒకటి మర్యాద. మీ ఇంట్లో ఏది అలవాటైతే దానితోనే సాగండి, మధ్యలో మాత్రం మారకండి.

ఇక గ్రాంథికం. మన పాత అనువాదం బైబిలు చదివీ చదివీ "దయచేయుము, కటాక్షించుము" నోటికి వచ్చేస్తాయి. అవి మీకు సహజంగా వస్తే మానక్కర్లేదు, వాటికో అందం ఉంది. రాకపోతే తెచ్చిపెట్టుకోవద్దు. "నాయనా, మా పిల్లోడిని చూసుకో" అని మా వీధిలో ఒక అవ్వ చేసే ప్రార్థనకు వచ్చినన్ని ఆమేన్లు ఇంకెవరికీ వచ్చేవి కావు. అమెరికాలో పుట్టి సెలవులకు వచ్చిన మనవరాలు సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో ప్రార్థిస్తే నవ్వకండి. ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

"మనము" వచ్చిందా? ఆగండి

మన తెలుగులో ఒక సదుపాయం ఉంది. "మేము" అంటే ఎదుటివాడు అందులో లేడు, "మనము" అంటే ఎదుటివాడూ ఉన్నాడు. దేవుడితో మాట్లాడుతున్నప్పుడు సహజంగా వచ్చేది "మేము": మేము పాపులము, మమ్మును క్షమించు. "మనము ఒకరినొకరు ప్రేమించుకోవాలి తండ్రీ, మనం ఆదివారం సమయానికి రావాలి ప్రభువా" అంటున్నారంటే మీ ముఖం దేవుడి వైపు నుంచి చాప వైపుకు తిరిగిపోయిందన్నమాట. దేవుడు ఆదివారం ఆలస్యంగా వచ్చేవాడు కాదు కదా! ప్రార్థన చాటున ప్రసంగం చేస్తున్నాం, లేదా ఎవరికో చురక పెడుతున్నాం. కళ్లు మూసుకున్నవాళ్లు తిరిగి జవాబు చెప్పలేరు గనుక అది ధైర్యం కూడా కాదు.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పైకి ప్రార్థించి, ఎన్నిసార్లు "మనము" దొర్లిందో గమనించండి. నాకు ఈ అలవాటు వదలడానికి చాలా కాలం పట్టింది.

ఏకవచనం విషయంలో కూడా అంతే. "నేను నిన్ను నమ్ముకున్నాను, నన్ను నడిపించు" అంటే పక్కవాళ్లు మీ ప్రార్థన వింటారు గాని అందులో చేరలేరు. "మేము" అనండి.

మధ్యలో ఏం చెప్పాలి

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం తీయండి. పేతురు, యోహానులను అధికారులు బెదిరించి వదిలేశారు. వాళ్లు తిరిగొచ్చి సంగతి చెప్పగానే అందరూ ప్రార్థించారు. ముందు, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడివి నువ్వే అన్నారు. తర్వాత 2వ కీర్తన మాటలు పట్టుకుని, జరిగిందేమిటో చెప్పారు. ఆ తర్వాత అడిగారు. ఏం అడిగారో చూడండి: బెదిరింపులు ఆగిపోవాలని కాదు, వాక్యం ధైర్యంగా చెప్పే శక్తి కావాలని. నువ్వెవరు, ఇక్కడేం జరిగింది, మాకేం కావాలి. ఏ కూడికకైనా ఈ మూడు మెట్లు సరిపోతాయి.

నా కంటి ఆపరేషన్ ప్రార్థనను ఇప్పుడు చేయమంటే ఇలా చేస్తాను:

"మా తండ్రీ, కన్ను చేసినవాడివి నువ్వే. ఇన్నేళ్లు తాతగారు ఈ కళ్లతోనే పొలం చూసుకున్నారు, పిల్లల్ని చూసుకున్నారు, నీ వాక్యం చదువుకున్నారు. అందుకు నీకు స్తోత్రం. రేపు ఉదయం ఆయనకు ఆపరేషన్. భయంగా ఉందని ఆయనే చెప్పారు. ఈ రాత్రి నిద్ర ఇవ్వు. డాక్టరుగారి చేతులు, నర్సుల చేతులు స్థిరంగా ఉంచు. అవ్వకు ధైర్యం ఇవ్వు. మళ్లీ చూపు బాగుపడి నీ వాక్యం తనే చదువుకునేలా కృప చూపించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్."

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో ఆమేన్ అనలేనివాళ్లు కూడా లేరు.

"ప్రభువా" గురించి కూడా చెప్పాలి. "ప్రభువా ఈ సమయంలో ప్రభువా మేము నీ సన్నిధికి ప్రభువా వచ్చియున్నాము ప్రభువా." తర్వాతి మాట దొరికేదాకా నోరు ఖాళీగా ఉండకూడదన్న భయంతో ఇలా అంటాం. మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనుకోవద్దని యేసు మత్తయి 6లోనే చెప్పాడు. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయండి. మీకు పది క్షణాలు అనిపించేది వినేవాళ్లకు ఒక్క ఊపిరి. ఆ ఊపిరిలో వాళ్లూ తమ మాట చెప్పుకుంటారు. కీర్తనలు 136లో "ఆయన కృప నిరంతరముండును" అని ప్రతి వచనంలో వస్తుంది, 26 సార్లు. అది అందరూ కలిసి అనే పల్లవి. తిరిగి తిరిగి చెప్పడమే తప్పని నేననను. చెప్పే మాటలో బరువుండాలి.

వంతులవారీగా చేస్తున్నప్పుడు

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి ఐదుగురు ఎక్కారు: మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. నెల్లూరు మిషన్‌ను మూసేయాలా వద్దా అని అమెరికాలో వాళ్ల సంఘాలు తర్జనభర్జన పడుతున్న రోజులవి. పాట పాడి, వాక్యం చదివి, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ ఆ ఊళ్లో కాపురం పెట్టాడు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీట్ కొండ అంటారు.

మీ కూడికలోనూ అలా వరసగా చేస్తుంటే, ముందువాళ్లు అడిగింది మీరు మళ్లీ అడగక్కర్లేదు. వాళ్లు ఆమేన్ అన్నప్పుడు మీరూ ఆమేన్ అన్నారుగా, మీదీ అడిగినట్టే. మిగిలినది ఒక్కటి అందుకోండి. ఏమీ మిగలకపోతే "ఇప్పటిదాకా అడిగినవన్నీ మావే తండ్రీ" అని ముగించండి. జూమ్‌లో అయితే మీ వంతు వచ్చేదాకా మైక్ ఆపి ఉంచండి. కువైట్ నుంచి కలిసిన కొడుకు ప్రార్థన మధ్యలో మన కుక్కర్ విజిల్ వేయకూడదు.

నోరు పెగలకపోతే

పెగలదు ఒక్కోసారి. ఏడుపు వస్తుంది, లేదా తల పూర్తిగా ఖాళీ అవుతుంది. అప్పుడు "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టండి. రెండో ముక్కకల్లా గది మొత్తం అందుకుంటుంది. నీళ్లలో మునిగిపోతూ పేతురు అన్నవి మూడే మాటలు: ప్రభువా, నన్ను రక్షించుము. యేసు చేయి అందింది. ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు మాటల్లోకి రాని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకు రాశాడు. పౌలే తెలియదన్నాక మనకు తెలియకపోతే వింతేముంది?

అసలు చేయలేనంటే, "ఈ రోజు నావల్ల కాదు, అన్నయ్య చేస్తారు" అనండి. బలవంతం చేసే పెద్దలకు నేను చెప్పేదేమంటే, ఒకసారి ముందుగా ఇంట్లో చెప్పి, వచ్చే వారానికి అడగండి. హఠాత్తుగా పేరు పిలవడం వల్ల కూడికలు మానేసినవాళ్లు నాకు తెలుసు.

ఇంటిని బట్టి మాట

గృహప్రవేశానికి 127వ కీర్తన ఉంది, యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టినవాళ్ల కష్టం వృథా అని. దాన్ని ఇంటివాళ్లకు బోధగా కాక మా అందరి ఒప్పుకోలుగా చెప్పండి. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీలనూ కూలీలనూ తలుచుకోండి, ఎవరూ తలుచుకోరు.

ఆసుపత్రిలో గొంతు తగ్గించండి. వార్డులో ఇంకో పది మంచాలున్నాయి, వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మంచం పక్కన కూర్చుని, రోగి అనుమతి తీసుకుని, నిమిషంలో ముగించండి. స్వస్థత అడగండి, గట్టిగానే అడగండి. "నీకు నయమైపోయింది, నమ్ము" అని రోగికి మాత్రం చెప్పకండి. మందులు మానమని అసలే అనకండి. తగ్గకపోతే తన విశ్వాసమే చాలలేదనుకుని ఆ మనిషి రెండోసారి కుంగిపోతాడు. "ఈ కుటుంబంలో ఏ పాపముందో" అనే మాట ఏ ఇంట్లోనూ వద్దు. బైబిలులో కష్టాలపాలైన యోబును చూడడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా నేల మీద కూర్చున్నంతకాలం బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే చెడింది.

చావు జరిగిన ఇంట్లో ఆ మౌనమే పెద్ద ప్రార్థన. మాట్లాడాల్సి వస్తే 90వ కీర్తన గాని 23వ కీర్తన గాని నిదానంగా చదివి, చనిపోయినవారి పేరు చెప్పి, వారిని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పి ఆపండి. "దేవుడికి కావలసి తీసుకున్నాడు" అని చిన్నపిల్లను పోగొట్టుకున్న తల్లి ముందు అనకండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసినా యేసు ముందు ఏడ్చాడు.

దిగడం

విమానం దిగినట్టు దిగాలి. "చివరిగా" అని మూడుసార్లు అనకండి. ఒక్కసారి అన్నాక నిజంగానే చివరిది చెప్పండి. "యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము మా పరమ తండ్రీ" అనేది మన దగ్గర అందరికీ తెలిసిన ముగింపు. అది వినబడగానే గది మొత్తం ఆమేన్‌కు సిద్ధమవుతుంది. కొత్త ముగింపు కనిపెట్టకండి. జనం ఎక్కడ ఆమేన్ అనాలో తెలియక గింజుకుంటారు. గొంతు చివర్లో తగ్గించకుండా చెప్పండి, వెనక కూర్చున్న అవ్వకు కూడా వినబడాలి.

టీ వస్తుంది. ప్రార్థన ఎలా చేశానని ఎవరినీ అడగకండి, ఎవరైనా మెచ్చుకుంటే వందనాలు చెప్పి గ్లాసు అందుకోండి. ఆ కాగితం పారేయొద్దు. పెద్దాయన ఆపరేషన్ ఉదయం అన్నారు కదా, మధ్యాహ్నం రెండింటికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మోగగానే ఫోన్ చేసి "తాతగారికి ఎలా ఉంది?" అని అడగండి.